పాత పడవ కట్టు ఎప్పుడు విప్పాలి

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట టీవీలో వినబడక ముందే, ఎగువ నుంచి ఎర్రనీరు దిగడం చూసి పాపికొండల బోట్లు ఒడ్డుకు చేరి మోకులు బిగించుకుంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎన్ని రోజులు తిరగాలో, ఎన్ని రోజులు ఆగాలో నదే నిర్ణయిస్తుంది. బోటు యజమాని ఆ రోజుల్లో ఇంజను విప్పి చూసుకుంటాడు, రంగు వేయిస్తాడు, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకుంటాడు. తన వెబ్‌సైటును, ఈమెయిల్‌ను పాత హోస్టింగు నుంచి కొత్తదానికి మార్చుకోవడానికి కూడా అంతకు మించిన అదను దొరకదు.

కానీ ఎక్కువమంది మార్చేది అప్పుడు కాదు. సైటు నెమ్మదించేది జనం ఎగబడినప్పుడే. యజమానికి కోపం వచ్చేదీ అప్పుడే, ఆ కోపంలో కొత్త కంపెనీకి డబ్బు కట్టేసేదీ అప్పుడే. పట్టిసీమలో గదులు అద్దెకిచ్చేవారు మహాశివరాత్రి వారంలోనో, కడియం నర్సరీవారు తొలకరిలోనో, ఆత్రేయపురం పూతరేకుల దుకాణాలవారు సంక్రాంతి ముందో ఈ పని పెట్టుకుంటే ఒక్క పొరపాటు ఏడాది ఆదాయాన్ని తాకుతుంది. కొత్త కంపెనీని ఎంచుకోవడం కంటే ముందు క్యాలెండరు తీసి, ఏ నెలలో ఫోను తక్కువగా మోగుతుందో చూసుకోవాలి.

తర్వాత తెలుసుకోవలసింది, వెబ్‌సైటు అని పిలిచేది ఒక వస్తువు కాదని. ఒకే కుర్రాడు అన్నీ కలిపి ఒకే బిల్లుకు చేసిపెట్టాడు కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తాయి. నిజానికి డొమైన్, అంటే సైటు పేరు, వేరు. పేజీలు, బొమ్మలు ఉండే హోస్టింగు స్థలం వేరు. ఉత్తరాలు వచ్చి చేరే పెట్టె వేరు. ఈ పేరుతో వచ్చినవారిని ఎటు పంపాలో, ఈ పేరుకు వచ్చిన ఉత్తరాన్ని ఎవరి చేతికివ్వాలో రాసిపెట్టే పట్టిక మరొకటి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. నాలుగూ నాలుగు కంపెనీల దగ్గర ఉన్నా సైటు చక్కగా నడుస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఈ తేడా అర్థం చేయించడానికి కౌలు ఒక్కటి చాలు. హోస్టింగు కౌలు చేను లాంటిది. ఈ ఏడు ఒకరిది, వచ్చే ఏడు ఇంకొకరిది చేసుకోవచ్చు. డొమైన్ సొంత భూమి. దాని పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందన్నదే అసలు ప్రశ్న. చిన్న వ్యాపారాల్లో చాలాచోట్ల ఆ పాసుపుస్తకం సైటు తయారుచేసిన కుర్రాడి సొంత ఈమెయిల్ మీద ఉంటుంది. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. ఆ రోజు హడావుడిలో తన ఐడీతోనే కొనేసి ఉంటాడు. ఇప్పుడతను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు, ఆ పాత ఐడీని తెరిచి ఏళ్లయి ఉండవచ్చు. పునరుద్ధరణ నోటీసులు మాత్రం అక్కడికే వెళుతుంటాయి. హోస్టింగు మార్చే ఆలోచన రాగానే మొదట చేయవలసిన పని, రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ, దగ్గరి ఖాతాను వ్యాపారి తన పేరుకు, తన ఫోను నంబరుకు మార్పించుకోవడం. అది పూర్తయ్యేదాకా మరో అడుగు వేయకూడదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, అదే డొమైన్ మీది చిరునామా కాకూడదు. డొమైన్ ఆగిన రోజున దాన్ని తిరిగి తెరిచే లింకు, ఆగిపోయిన ఆ పెట్టెలోకే వస్తుంది. తాళం చెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టు అవుతుంది. దీనికి విడిగా ఒక జీమెయిల్ ఉంటే చాలు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తర్వాత, ఆ వెంటే వచ్చిన కోవిడ్ కాలంలో పాపికొండల బోట్లు చాలావరకు ఒడ్డునే ఉండిపోయాయి. విహారం 2021 నవంబరులో మళ్లీ మొదలైంది. అంతటి విషాదంలో వెబ్‌సైటు ఎవరికీ గుర్తుండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. కానీ డొమైన్ గడువుకు ఏ దుఃఖమూ తెలియదు. డాట్ కామ్ పేరు గడువు దాటాక రిజిస్ట్రార్ కొన్ని వారాలు ఆగుతాడు. ఆ తర్వాత అదనపు రుసుము కట్టి విడిపించుకోవడానికి 30 రోజులు ఉంటాయి. అదీ దాటితే 5 రోజుల్లో ఆ పేరు అంగట్లోకి వచ్చేస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. పని ఆగిపోయే అవకాశమున్న వ్యాపారానికి డొమైన్‌ను ఏడాదికి కాకుండా మూడేళ్లకో ఐదేళ్లకో కట్టేయడం మంచిది. ఖర్చు ఎలాగూ పెట్టాల్సిందే, ముందుగా పెడతారు అంతే.

పేరు చేతిలో ఉంటే ఇల్లు మారడం పెద్ద విషయం కాదనడానికి ఇటీవలి ఉదాహరణ కేంద్ర ప్రభుత్వమే. ఎన్ఐసీ నడిపే ప్రభుత్వ ఈమెయిల్ వ్యవస్థలోని దాదాపు 12 లక్షల ఉద్యోగుల ఖాతాలను జోహో సంస్థ వేదిక మీదికి తరలించారు. ఉద్యోగుల చిరునామాలు మాత్రం మారలేదు. చివర ‘గవ్ డాట్ ఇన్’, ‘ఎన్ఐసీ డాట్ ఇన్’ అనేవి అలాగే ఉన్నాయి. ఉత్తరం రాసేవారికి తేడా తెలియదు. ముగ్గురు పనిచేసే ట్రావెల్స్ ఆఫీసుకు వర్తించే సూత్రమూ ఇదే.

డొమైన్‌ను కూడా కొత్త కంపెనీకి మార్చాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. అది ఉన్నచోటే ఉండనిచ్చి పట్టికలో రెండు మూడు వరుసలు దిద్దితే చాలు. మార్చాలనుకున్నా ఈ రెండు పనులూ ఒకే వారంలో పెట్టుకోకూడదు. ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకొకరికి వెళ్లిన డొమైన్‌ను 60 రోజుల దాకా మళ్లీ కదలనివ్వకపోవడం మామూలు. హోస్టింగులో ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ తాళం కూడా తోడైతే వ్యాపారికి దిక్కు తోచదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు చెబుతారు. ఈ ఒక్క పనిలో మాత్రం పెట్టి తీరాలి, అదీ కనీసం నెల రోజులు. కొత్త హోస్టింగు కొన్న రోజునే పాతదాన్ని రద్దు చేయడం నట్టేటిలో పడవ వదిలేయడమే. ఆ నెల అద్దె కొన్ని వందలు. దాన్ని మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నవారి కథలు ఈ రంగంలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

రెండు పడవలు ఎందుకో తెలియాలంటే టీటీఎల్ అనే అంకె గురించి కొంచెం చెప్పాలి. డీఎన్ఎస్ పట్టికలో ప్రతి వరుస పక్కన ఒక అంకె ఉంటుంది. ఈ సమాచారాన్ని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో అది చెబుతుంది. 86,400 అని ఉంటే పూర్తిగా ఒక రోజు. ఈ ఉదయం పట్టికను దిద్దినా, నిన్న సాయంత్రం చూసి గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఇవాళ సాయంత్రం దాకా పాత ఇంటికే మనుషులను పంపుతూ ఉంటాయి. అందుకే మార్పుకు రెండు రోజుల ముందు ఆ అంకెను 300కు, అంటే ఐదు నిమిషాలకు, తగ్గించుకోవాలి. మార్పు రోజున అందరూ నిమిషాల్లో కొత్త దారి పడతారు. అక్కడేదైనా చెడితే మళ్లీ నిమిషాల్లోనే పాత దారికి తిప్పుకోవచ్చు. అన్నీ కుదుటపడ్డాక అంకెను పెంచేయవచ్చు. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క పని చేయనందువల్లే ఎక్కువ సైట్లు ఒకరికి కనబడి, పక్కవారికి కనబడకుండా రోజంతా తికమక పెడతాయి.

మార్పుకు ముందే కొత్త సైటును చూసుకోవడం ఎలా? దీని వెనక ఒక పాత కథ ఉంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించక ముందు నెట్‌వర్కు మొత్తానికీ పేర్ల జాబితా ఒకే ఫైలు. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది, అందరూ అక్కడి నుంచి నకలు తెచ్చుకునేవారు. ఆ ఫైలు వారసుడు ‘హోస్ట్స్’ అనే పేరుతో ఇవాళ్టికీ ప్రతి కంప్యూటరులో ఉన్నాడు. అందులో డొమైన్ పేరు, కొత్త సర్వరు ఐపీ నంబరు ఒక వరుసలో రాస్తే ఆ ఒక్క కంప్యూటరు మాత్రం కొత్త ఇంటికి వెళుతుంది. లోకం ఇంకా పాత సైటునే చూస్తుంటుంది. బుకింగ్ ఫారం నింపి, బొమ్మలు తెరిచి, ఫోను నంబరు నొక్కి, నింపాదిగా పరీక్షించుకోవచ్చు. పరీక్ష ముగిశాక ఆ వరుస తీసేయడం మరిచిపోకూడదు.

పరీక్షించేటప్పుడు చూపు అతుకుల మీద ఉండాలి. పట్టిసీమ ఎత్తిపోతల పథకం ఇందుకు ఊళ్లోనే ఉన్న పాఠం. 24 పంపులతో సుమారు 8,500 క్యూసెక్కుల గోదావరి నీటిని తోడి, పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణకు పంపే పథకమది. 2015 సెప్టెంబరులో నీళ్లు వదిలిన కొత్తలో, పెదవేగి మండలం జానంపేట దగ్గర తమ్మిలేరును దాటించే అక్విడక్టు దెబ్బతిని ప్రవాహం ఆగింది. కాలువ వాగును దాటే చోట ఇబ్బంది వచ్చింది. వెబ్‌సైటులోనూ పేజీలు సాధారణంగా బాగానే వస్తాయి. చెడేది ఒకటి ఇంకొకదాన్ని అందుకునే చోట. ఫారం ఈమెయిల్‌ను అందుకునే చోట, సైటు డేటాబేసును అందుకునే చోట, చెల్లింపు పేజీ బ్యాంకు గేట్‌వేను అందుకునే చోట చూసుకోవాలి.

డేటాబేసు దగ్గర తెలుగు సైట్లకు ఒక ప్రత్యేకమైన గండం ఉంది. ఇంగ్లీషులో రాసిన మార్గదర్శకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు, ప్రతి గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. ‘పట్టిసీమ’ అన్న మాటలో ప, ట, పొల్లు, ట, గుడి, స, గుడిదీర్ఘం, మ కలిపి ఎనిమిది గుర్తులు. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. ఎత్తిపోతల పంపులెన్నో ఈ మాటకూ అన్ని బైట్లు.

వర్డ్‌ప్రెస్ వంటి సైట్లు వాడే మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా ఏ సూచనా లేకపోతే అక్షరాలను లాటిన్-1 పద్ధతిగా భావించేది. ఆ పద్ధతికి తెలుగు తెలియదు. పాత సర్వరులో లాటిన్-1 పెట్టెలో తెలుగును దాచి, కొత్త సర్వరులో యూటీఎఫ్-8 పద్ధతిదైన యూటీఎఫ్8ఎంబీ4 పెట్టెలోకి దించినప్పుడు మధ్యలో తర్జుమా తప్పుతుంది. అప్పుడు తెర మీద మూడు రకాల దృశ్యాల్లో ఒకటి కనిపిస్తుంది. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే కంగారు లేదు, ఫాంటు లేదంతే. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన చిన్న సున్నా, ఇలా గజిబిజి వరుసగా వస్తే బైట్లు భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతి తప్పింది. తెలిసినవారు సరిచేయగలరు. వరుసగా ప్రశ్నార్థకాలు డేటాబేసులోనే పడి ఉంటే మాత్రం ఆ నకలులో తెలుగు ఇక లేదు. దాన్ని ఏ సాధనమూ తిరిగి తేలేదు, పాత సర్వరు నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. పాత సర్వరును ఆపేసి ఉంటే? పదేళ్లుగా యాత్రికులు రాసిన తెలుగు అభిప్రాయాలు, ఆలయ విశేషాల పేజీలు అక్కడితో సరి. రెండో పడవ నెల రోజులు నిలబడాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక ఉత్తరాలు. నిజానికి ఈ అధ్యాయం వాటి కోసమే. సైటు గంటసేపు కనబడకపోతే యాత్రికుడు మళ్లీ ప్రయత్నిస్తాడు, లేదా ఫోను చేస్తాడు. ఉత్తరం పోతే పోయినట్టు ఇటువైపు ఎవరికీ తెలియదు. నలభై మంది ఉద్యోగుల విహారయాత్రకు ఒక కంపెనీ ధరలు అడిగి, జవాబు రాక వేరే బోటు మాట్లాడుకుని వెళ్లిపోతుంది.

పనిచేసే తీరు తెలిస్తే భయం తగ్గుతుంది. పట్టికలో ఎంఎక్స్ అనే వరుస ఉత్తరాలను ఏ సర్వరుకు ఇవ్వాలో చెబుతుంది. ఆ సర్వరు అసలు పలక్కపోతే, పంపినవారి సర్వరు సాధారణంగా నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పలికి, ‘ఆ పేరుగలవారు ఇక్కడ లేరు’ అని చెబితే మాత్రం ఉత్తరం ఆ క్షణమే తిరుగుటపా అవుతుంది. అందువల్ల ఎంఎక్స్ మార్చే ముందే కొత్తచోట ప్రతి పెట్టెనూ తెరిచి ఉంచాలి. ప్రతి పెట్టె అంటే యజమాని రోజూ చూసేది మాత్రమే కాదు. బుకింగ్స్, అకౌంట్స్, ఇన్ఫో అనే పేర్లతో ఎప్పుడో తెరిచి, ఇంకో చిరునామాకు మళ్లించినవి కూడా ఉంటాయి. జీఎస్టీ పోర్టలుకు, బ్యాంకుకు, గూగుల్ మ్యాప్‌లోని వ్యాపార పేజీకి ఏ చిరునామా ఇచ్చారో ఒక్కొక్కటే తెరిచి చూసి కాగితం మీద రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే. ఒక సాయంత్రం పడుతుంది. దీన్ని యజమాని తానే చేయాలి, ఎందుకంటే ఆ జాబితా వేరెవరికీ తెలియదు.

పాత ఉత్తరాల తరలింపులో ఫోను మోసం చేస్తుంది. ఐమ్యాప్ పద్ధతిలో ఫోనులో కనబడేవి సర్వరులోని ఉత్తరాల ప్రతిబింబాలు. ఫోనును కొత్త సర్వరుకు తిప్పగానే అక్కడ ఏముంటే అదే కనిపిస్తుంది. పెట్టె ఖాళీ అయితే ఫోనూ ఖాళీ. కాబట్టి ఐమ్యాప్‌సింక్ వంటి సాధనంతోనో, థండర్‌బర్డ్‌లో రెండు ఖాతాలూ పెట్టుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి లాగడం ద్వారానో ముందే నకలు చేసుకోవాలి. ఆఫీసు కంప్యూటరులో పాత పాప్ పద్ధతి ఉంటే కథ తిరగబడుతుంది. ఏళ్ల నాటి ఉత్తరాలు ఏ సర్వరులోనూ ఉండకుండా ఆ ఒక్క డబ్బాలోనే ఉండవచ్చు. వాటిని వేరే డిస్కులోకి ఎక్కించాకే ఆ కంప్యూటరు మీద చెయ్యి వేయాలి. చిరునామాల పుస్తకం, క్యాలెండరు ఈ పద్ధతుల్లో వెంట రావు, విడిగా దించుకోవాలి.

కొత్తచోటి నుంచి పంపే ఉత్తరాలు జనం స్పామ్‌లోకి పోకుండా ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు వరుసలు కావాలి. ఈ డొమైన్ తరఫున ఉత్తరం పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో మొదటిది చెబుతుంది. రెండోది ఉత్తరం మీద ముద్ర లాంటిది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు ఉత్తరం పంపే ప్రతివారి దగ్గరా వీటిలో కనీసం ఒకటి ఉండాలంటోంది. ఎస్‌పీఎఫ్ వరుస డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. పాతదాన్ని ఉంచి పక్కనే కొత్తది చేర్చడం తరచూ జరిగే తప్పు, రెండుంటే రెండూ చెల్లవు.

ఇంకో తప్పు ఎంత తెలిసినవారినైనా బోల్తా కొట్టిస్తుంది. సైటు ఒక కంపెనీలో, ఈమెయిల్ ఇంకో కంపెనీలో పెట్టినప్పుడు, సైటు ఉన్న సర్వరు ఆ డొమైన్ ఉత్తరాలు తనవేనని నమ్ముతూ ఉండవచ్చు. అప్పుడు బుకింగ్ ఫారం పంపిన ఉత్తరం ఎంఎక్స్ పట్టికను చూడకుండా ఆ సర్వరులోనే ఒక మూల పెట్టెలో పడిపోతుంది. బయటివారి ఉత్తరాలన్నీ వస్తుంటాయి, సొంత సైటు ఉత్తరాలే రావు. హోస్టింగు నిర్వహణ తెర అయిన సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ అనే చోట ‘రిమోట్’ అని ఎంచుకుంటే సరిపోతుంది. ఫారం నింపి పరీక్షించాలని ముందే చెప్పడం ఇందుకే.

నకళ్ల విషయంలో పెద్ద సంస్థల అనుభవం చిన్నవారికి చవకగా దొరికే పాఠం. సర్వరు మార్పులో 2016కు ముందు ఎక్కించిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో మైస్పేస్ ఒప్పుకుంది. కోట్ల పాటలు అలా మాయమయ్యాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, నకలు కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవారు రెండూ కోల్పోయారు. హోస్టింగువారు ఇచ్చే బ్యాకప్ ఉన్నా, ఒక కాపీ యజమాని బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. కాపీ ఉందనుకోవడం కాదు, దాన్ని ఒకసారి తెరిచి చూడాలి.

సామాను సర్దేటప్పుడు పనికిరానివి బయటపడతాయి కదా. పాత పేజీలను ఒకసారి చదివితే ఎన్నో తేలతాయి. పాపికొండల బోట్లు ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల నుంచి బయలుదేరేవి. పోలవరం దగ్గర నదికి అడ్డుకట్ట పడ్డాక ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గరి నుంచి నడుస్తున్నాయి. పాత రేవు పేరే పేజీలో ఉండిపోతే తెల్లవారుజామున పిల్లాపాపలతో దిగిన కుటుంబం తప్పు ఒడ్డున నిలబడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి పట్టిసీమ ఏలూరు జిల్లాలోకి వచ్చింది. చిరునామాలో ఇంకా పశ్చిమగోదావరి అనే ఉంటే దిద్దాలి. పేజీల పేర్లు మాత్రం వీలైనంతవరకు మార్చకూడదు. మారిస్తే పాత పేరు నుంచి కొత్తదానికి 301 మళ్లింపు పెట్టాలి. లేకపోతే గూగుల్‌లో వెతికి వచ్చినవారికి పేజీ లేదన్న సందేశమే ఎదురవుతుంది.

మార్పుకు మంగళవారమో బుధవారమో ఉదయం మంచిది. శనివారం రాత్రి చేస్తే, ఏదైనా చెడినప్పుడు ఫోనెత్తే మనిషి దొరకడు. ఆ రోజు నుంచి పాత పెట్టెనూ కొత్త పెట్టెనూ రెండింటినీ చూస్తూ ఉండాలి. మొదటి రెండు రోజులు పాతదాంట్లో కొన్ని ఉత్తరాలు పడతాయి, తర్వాత తగ్గిపోతాయి. రెండు వారాలు దాటాక కూడా ఏదైనా వస్తోందంటే పట్టికలో ఎక్కడో పాత వరుస మిగిలిందని అర్థం, దాన్ని వెతకాలి.

నెల నిండి, పాత పెట్టెలో కొత్త ఉత్తరమేదీ పడటం లేదని తేలాక పాత హోస్టింగును రద్దు చేయవచ్చు. బటన్ నొక్కే ముందు ఆ ఖాతాలో ఇంకేమేం ఉన్నాయో ఒకసారి చూడాలి. చాలామందికి డొమైన్ కూడా అదే ఖాతాలో ఉంటుంది. కార్డు వివరాలు తీసేసి, ఖాతానే మూసేస్తే ఆ ఏడాది చివర పేరు గడువు తీరిపోతుంది. రద్దు చేయవలసింది హోస్టింగు వరుసను మాత్రమే. డొమైన్ వరుసలో ఆటో రెన్యువల్ అలాగే ఉండాలి, దాని పక్కనున్న కార్డు గడువు తేదీని కూడా అప్పుడే చూసి రాసిపెట్టుకోవాలి.